ఫోటో పికర్ మేలా, స్టోరేజ్ పర్మిషన్ మేలా?

ఆండ్రాయిడ్ యాప్‌లో ప్రొఫైల్ ఫోటో పెట్టించడానికి గ్యాలరీ మొత్తం చూసే పర్మిషన్ అడగడమంటే, ఒక్క చీర చూడాలని బీరువా తాళాలు అడిగినట్టే. అక్కడ ఫోటో పికరే (యూజర్ తనకు నచ్చిన ఫోటోలు మాత్రం ఎంచుకుని ఇచ్చే, ఆండ్రాయిడ్ సొంత స్క్రీన్) మేలు. మానిఫెస్ట్‌లో (యాప్‌కు కావాల్సిన పర్మిషన్లు రాసే ఫైల్) ఏ పర్మిషనూ రాయక్కర్లేదు, యూజర్ ఎంచుకున్న ఫోటోల యూఆర్ఐలు (చిరునామాలు) మాత్రమే చేతికొస్తాయి. పికర్ లేని పాత ఫోన్లలో జెట్‌ప్యాక్ లైబ్రరీలో పికర్‌ను తెరిచే కోడ్ 'పిక్ విజువల్ మీడియా' తనంతట తానే, ఫైళ్లు ఎంచుకునే డాక్యుమెంట్ పికర్ తెరుస్తుంది.

అయితే ఆ యూఆర్ఐ కలకాలం పనిచేయదు. డేటాబేస్‌లో దాచుకుని, ఫోన్ రీస్టార్ట్ అయ్యాక తెరవబోతే సెక్యూరిటీ ఎక్సెప్షన్ (అనుమతి లేదనే ఎర్రర్). ఆ అనుమతిని నిలిపి ఉంచే 'టేక్ పర్సిస్టబుల్ యూఆర్ఐ పర్మిషన్' ఫంక్షన్‌ను పిలవాలి, లేదా ఫోటోను అప్పుడే యాప్ సొంత ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవాలి. ఒకటి రెండు ఫోటోలకైతే కాపీయే నయం. యూజర్ గ్యాలరీలో అసలుది డిలీట్ చేసినా మన కాపీ ఉంటుంది.

గ్యాలరీ యాప్‌కో, ఫోటోలన్నీ బ్యాకప్ చేసే యాప్‌కో పికర్ చాలదు, పర్మిషన్ తప్పదు. తప్పులు ఎక్కువ జరిగేదీ ఇక్కడే. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోటోలు, వీడియోలు, ఆడియోకు వేర్వేరు పర్మిషన్లు. యాప్ టార్గెట్ ఎస్‌డీకేని 33కి (అంటే ఆండ్రాయిడ్ 13కి) మార్చాక కూడా పాత రీడ్ ఎక్స్‌టర్నల్ స్టోరేజ్‌నే అడిగితే డైలాగే రాదు, నేరుగా 'డినైడ్' అని జవాబొస్తుంది. పాత ఫోన్ల కోసం దాన్ని మాక్స్ ఎస్‌డీకే వెర్షన్ 32తో (ఆండ్రాయిడ్ 13 కంటే పాత ఫోన్లకే వర్తించేలా) ఉంచండి.

ఆండ్రాయిడ్ 14లో ఇంకో మెలిక. యూజర్ కొన్ని ఫోటోలే ఎంచుకున్నాడనుకోండి. మానిఫెస్ట్‌లో రీడ్ మీడియా విజువల్ యూజర్ సెలెక్టెడ్ (ఎంచుకున్నవాటికే అనుమతి) రాసి ఉంటే అదొక్కటే గ్రాంట్ అవుతుంది, రీడ్ మీడియా ఇమేజెస్ (ఫోటోలన్నిటికీ అనుమతి) డినైడ్‌గానే ఉంటుంది. కోడ్ రెండోదాన్నే చెక్ చేస్తే, పాపం పది ఫోటోలు ఇచ్చినవాడికి కూడా 'అనుమతి ఇవ్వలేదు' అనే స్క్రీన్ కనబడుతుంది. అందుకే రెండూ చెక్ చేయాలి, అదీ ఆన్ రెజ్యూమ్‌లో (యాప్ స్క్రీన్ ముందుకొచ్చినప్పుడల్లా నడిచే కోడ్) ప్రతిసారీ. ఫలితాన్ని షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో (యాప్ చిన్న చిన్న వివరాలు దాచుకునే చోటు) దాచుకుంటే, యూజర్ సెట్టింగ్స్‌లో మార్చింది యాప్‌కు తెలియదు. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు వద్దన్నాక డైలాగ్ మళ్ళీ రాదు, సెట్టింగ్స్‌కి దారి చూపించాల్సిందే.

'ఆల్ ఫైల్స్ యాక్సెస్' అనే పర్మిషన్ ఫైల్ మేనేజర్ లాంటివాటికే. ప్లే స్టోర్‌కి సంజాయిషీ ఇచ్చుకోవాలి, అది ఉన్నా వేరే యాప్‌ల ఆండ్రాయిడ్/డేటా ఫోల్డర్లు అందవు. పీడీఎఫ్ తెరవడానికి ఇదంతా దేనికి? యూజర్ చేత ఫైల్ ఎంపిక చేయించే 'యాక్షన్ ఓపెన్ డాక్యుమెంట్' చాలు.