అమెరికా స్థావరమా, ఇరాన్‌తో మాటలా: గల్ఫ్ దేశాలకు ఏది మేలు?

2025 సెప్టెంబర్ 9న ఇజ్రాయెల్ ఖతర్ రాజధాని దోహాపై దాడి చేసిన దగ్గర్నుంచి, గల్ఫ్‌లో మనవాళ్ళున్న ఇళ్ళ నుంచి ఒకటే ప్రశ్న. అమెరికా సైన్యం ఉన్నచోటే ఇలా జరిగితే, ఆ దేశాలకు ఇక దిక్కేమిటి?

అమెరికా అండను తీసిపారేయలేం. 1990 ఆగస్టు 2న కువైట్‌లోకి చొరబడ్డ ఇరాక్ పాలకుడు సద్దాం సేనలను ఏ చర్చలూ కదిలించలేకపోయాయి. ఏడు నెలల్లోపు విడిపించింది అమెరికా నడిపిన సేనలే.

కానీ దాడి జరిగిన రోజు అమెరికా సైన్యం కదలాలా వద్దా అన్నది ఎవరి చేతిలో ఉంది? నేను చూసేది ఇదొక్కటే. 2019 సెప్టెంబర్ 14న సౌదీలోని అబ్‌ఖైక్, ఖురైస్ చమురు కేంద్రాలపై డ్రోన్లు, క్షిపణులు పడ్డాయి. సౌదీ ఉత్పత్తిలో సగం, రోజుకు 57 లక్షల బ్యారెళ్ళు, ఒక్కసారిగా ఆగిపోయింది. ఇది ఇరాన్ పనేనంటూ అమెరికా ఆంక్షలు పెంచింది, సైనికులను పంపింది. సైన్యంతో ఎదురుదాడికి మాత్రం దిగలేదు. దశాబ్దాలుగా అమెరికా ఆయుధాలు కొంటున్న దేశానికి దక్కింది అంతే. ఖతర్‌కు జరిగింది మరీ అన్యాయం. అక్కడ అమెరికా సైన్యపు అల్ ఉదైద్ స్థావరం ఉన్నందుకే 2025 జూన్ 23న ఇరాన్ క్షిపణులు అటు వచ్చాయి. అదే స్థావరం సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్‌ను ఆపలేదు.

వేరే అండ వెతుకుదామంటే, చైనా చమురు కొంటుంది, యుద్ధానికి రాదు. పాకిస్తాన్‌తో సౌదీ రక్షణ ఒప్పందం 2025 సెప్టెంబర్ 17 నాటిది, ఇంకా పచ్చిది.

నా మొగ్గు ఒమన్ దారివైపే. 1980 నుంచి అమెరికాకు సైనిక సదుపాయాలు ఇస్తూనే, ఇరాన్‌తో మాట మానలేదు. 1970లలో ఒమన్ దక్షిణాన ధోఫార్ తిరుగుబాటును అణచడానికి అప్పటి ఇరాన్ రాజు షా పంపిన సైనికులూ వచ్చారు. ఆ పరిచయం పాతది. చమురు తక్కువ కాబట్టి ఒమన్‌కు ఇది తేలికన్న వాదనలో కొంత నిజముంది. అయితే అంత చమురున్న సౌదీ కూడా 2023 మార్చి 10న బీజింగ్‌లో ఇరాన్‌తో రాజీపడింది కదా!

2015 యెమెన్ యుద్ధంలో సౌదీ కూటమిలో చేరని గల్ఫ్ రాజ్యం ఒమన్ ఒక్కటే. యెమెన్‌తో సరిహద్దు ఉన్నా, ఆ కూటమి పోరాడిన యెమెన్ తిరుగుబాటుదారులు హౌతీలు ఒమన్ జోలికి పోలేదు. యూఏఈ చేరింది. 2022 జనవరి 17న అబుదాబి ముసఫాలో హౌతీల దాడికి ఇంధన ట్యాంకర్లు పేలి ముగ్గురు కార్మికులు చనిపోయారు. వాళ్ళలో ఇద్దరు భారతీయులు.