‘అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్’: ఏళ్ల తరబడి విన్నాక

బ్రిటిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ పేరెత్తగానే చాలామంది 1973 నాటి ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్ దగ్గరికి వెళ్లిపోతారు. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘అబ్‌స్క్యూర్డ్ బై క్లౌడ్స్’ని పెద్దగా పట్టించుకోరు. సినిమాకి చేసిందేగా అని పక్కన పెట్టేస్తారు. విజయవాడ నుంచి గుంటూరుకి రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లే నాకు మాత్రం, ఏళ్లుగా తోడున్నది ఇదే. మొత్తం నలభై నిమిషాలు. కృష్ణ బ్రిడ్జి మీద మొదలుపెడితే గుంటూరు చేరేలోపు అయిపోతుంది.

బార్బే ష్రోడర్ తీసిన ఫ్రెంచ్ సినిమా ‘లా వాలే’ కోసం, జపాన్ టూరుకి అటూ ఇటూ దొరికిన కొద్ది రోజుల్లో, పారిస్ దగ్గర ఎరూవిల్ కోటలో ఉన్న స్టూడియోలో రికార్డ్ చేశారు. చెక్కుతూ కూర్చునే తీరిక లేదు. నాకు నచ్చేది అదే. పాటలు పొట్టిగా, సూటిగా ఉంటాయి.

మొదటి ట్రాక్‌లో వీసీఎస్ 3 అనే సింథసైజర్ (ఎలక్ట్రానిక్ వాయిద్యం) కింది స్థాయిలో అదే పనిగా మోగుతుంటుంది. చవక ఇయర్‌ఫోన్స్‌లో అది సగం వినపడదు, మంచి హెడ్‌ఫోన్స్ ఉండాల్సిందే.

మంగళగిరి దరిదాపుల్లో ‘వాట్స్... అ ద డీల్’ వస్తుంది. నా లెక్కలో పింక్ ఫ్లాయిడ్ పాటల్లోకెల్లా మెత్తనిది ఇదే. అకూస్టిక్ గిటారు, బ్యాండ్ సభ్యుడు రిక్ రైట్ పియానో, ముసలితనం మీద పడుతోందని పాడే బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ గొంతు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ల పైచిలుకు. 2006లో, అరవయ్యో ఏట, సోలో కచేరీల్లో మళ్లీ పాడాడు. ఆ రెండూ వెంటవెంటనే విని చూడండి.

‘ఫ్రీ ఫోర్’ హుషారుగా చప్పట్లు కొట్టించే పాట. మాటలు మాత్రం చావు గురించి. ఈ పాట రాసిన బ్యాండ్ సభ్యుడు రోజర్ వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని ఆంజియో యుద్ధంలో చనిపోయారు. తర్వాత వచ్చిన ‘ద వాల్’ ఆల్బమ్ నిండా పరుచుకున్న ఆ దుఃఖం ఇక్కడే బయటపడింది.

‘ద గోల్డ్ ఇట్స్ ఇన్ ద’ మాత్రం మామూలు రాక్ పాట, ఇప్పటికీ దాటేస్తాను.

చివరి ట్రాక్‌లో వాయిద్యాలు ఆగిపోయాక న్యూ గినీ ఆదివాసుల గానం వస్తుంది. అక్కడ పాట అయిపోయిందనుకుని ఆపేయకండి.