విడిది పల్లెల నుంచి సిపాయిల ఉత్తరాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు వెళ్ళిన భారతీయ సైనికుల లేఖలను డేవిడ్ ఓమిసీ సంకలనం చేయగా 1999లో వెలువడిన 'ఇండియన్ వాయిసెస్ ఆఫ్ ది గ్రేట్ వార్'లో నన్ను అన్నిటికన్నా కదిలించినవి, కందకాలకు దూరంగా పల్లెల్లో విడిది చేసిన అశ్వికదళ సిపాయిల ఉత్తరాలు. అక్కడి సేద్యాన్నీ ఆడపిల్లల చదువునూ చూసి, మన ఇళ్ళలోనూ ఆడపిల్లలను చదివించాలని వారు రాయడం ఎంతో ముచ్చట గొలుపుతుంది. సెన్సారు కంటపడకుండా భారతీయులను నల్ల మిరియాలుగా, తెల్ల సైనికులను ఎర్ర మిరపగా పేర్కొంటూ, నల్ల మిరియాలు నిండుకున్నాయని ఒకరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మూల ప్రతులు దాదాపుగా దక్కలేదు. సెన్సారు కార్యాలయం చేయించిన ఇంగ్లీషు అనువాదాలే మనకు మిగిలాయి. ఆ పరిమితి ఉన్నప్పటికీ, చరిత్రపై ఆసక్తి ఉన్నవారు ఈ పుస్తకాన్ని తప్పక కొని చదవాలి.