రాయలవారి పద్యాన్ని విస్తట్లో చూశాను

విజయవాడ లాడ్జి సంగతి ముందు చెప్పేస్తా, లేకపోతే మనసు ఊరుకోదు. 24 గంటల చెకౌట్ అని ఫోన్లో చెప్పి రూ.1,400 ముందే కట్టించుకున్నారు. రాత్రి ఎనిమిదికి దిగితే పొద్దున ఎనిమిదికల్లా తలుపు బాదారు. ‘టైం అయిపోయిందండీ, ఉండాలంటే ఇంకో ఏడొందలు’ అన్నాడు కుర్రాడు. అప్పటికి వేడినీళ్ళే రాలేదు. అక్క మోకాళ్ళ నొప్పితో రాత్రంతా నిద్రపోలేదు. ‘రాయలవారి ఆముక్తమాల్యద పుస్తకం ఇంట్లోనే ఉందిగా, ఒక్క పద్యం కోసం ఇంత దూరం రావాలట్రా?’ అంది. చెకౌట్ టైం రసీదు మీద రాయించుకోకుండా మాత్రం ఎక్కడా డబ్బు కట్టకండి.

మేం వెళ్ళింది ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున అదే పేరుతో ఉన్న చిన్న ఊరు. కారు రానుపోను రూ.2,200. కరకట్ట ఎక్కిన దగ్గర్నుంచీ వాన. అక్క మాట్లాడలేదు.

కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడి ఆంధ్రమహావిష్ణువును దర్శించి ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనబడి గోదాదేవి కథను తెలుగులో రాయమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో నిందాస్తుతి (తిడుతున్నట్టే పొగడటం) చేసింది కూడా ఈ స్వామినే. గుడిలో జనం లేరు. వాన చప్పుడు వింటూ అరగంట కూర్చున్నాం.

భోజనానికి హోటలేదీ కనబడలేదు. ఒకావిడ ఇంట్లోనే వండి పెడతారని డ్రైవర్ తీసుకెళ్ళాడు. వసారాలో కట్టెలపొయ్యి. కట్టెలు తడిసిపోయాయని ఆవిడ పొయ్యిలో ఎండు కొబ్బరి చిప్పలు పెడుతున్నారు. నేను అక్కడే నిలబడిపోయాను. ఆముక్తమాల్యదలో గోదాదేవిని పెంచిన తండ్రి విష్ణుచిత్తుడి ఇంట అతిథులకు వండేది సరిగ్గా ఇలాగే! ఆకాశం నీటిబుగ్గ అయిపోయినట్టు జడి పట్టిన రోజుల్లో, భార్య కళ్ళల్లోకి పొగ పోకుండా కొబ్బరి చిప్పలు పెట్టి వండిస్తాడు. డిగ్రీలో ఆ పద్యం బట్టీపట్టాను కానీ చిప్పలెందుకో ఏనాడూ ఆలోచించలేదు. ఇక్కడ చూస్తే మంట ఎర్రగా, నిలకడగా ఉంది, పొగ దాదాపు లేదు.

విస్తరి వేశారు. వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, మినపవడియాలు, గోరుచిక్కుడు ఒరుగుల వేపుడు, పెరుగు. పద్యంలోనూ అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, ఒరుగులు, పెరుగు, నెయ్యి ధారాళంగా. వానాకాలం కూరలు దొరకవని ఎండాకాలంలోనే ముక్కలు కోసి ఎండబెట్టుకునేవి ఒరుగులు. అంత పెద్ద రాజుకి ఇంటావిడ కళ్ళమంట పట్టింది చూడండి, నాకు ఆయన మీద గౌరవం అక్కడ పెరిగింది.

మనిషికి రూ.120. అదనంగా ఇవ్వబోతే ‘వద్దు బాబూ, అక్కగారికి ఇంకాస్త పెరుగు వెయ్యనీ’ అన్నారు. ఒరుగుల పొట్లానికి మాత్రం రూ.60 తీసుకున్నారు.

దారిలో పదకర్త క్షేత్రయ్య ఊరు మొవ్వ కూడా చూశాం, గోపాలస్వామి దర్శనం బాగా జరిగింది.

కారెక్కాక అక్క తనంతట తానే అడిగింది, ‘ఆ పద్యం ఇంకోసారి చదవరా’ అని. రెండుసార్లు చదివించుకుంది. రాత్రి బస్సులో నేనూ ఓ నాలుగు పాదాలు రాసుకున్నాను, ఆ పొయ్యి మీదే. మూడో పాదం ఇంకా కుదరలేదు.