ఓసీడీకి సీబీటీ థెరపీయా, మందులా?

ఓసీడీ అంటే వద్దన్నా వచ్చే భయాలు, వాటిని తగ్గించుకోవడానికి చేతులు కడగడం లాంటి పనులు మళ్లీమళ్లీ చేయించే మానసిక జబ్బు. సీబీటీ అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స; ఓసీడీకైతే అందులో ఆ పనులు చేయకుండా భయాన్ని ఎదుర్కొనే సాధన చేయిస్తారు.

శ్రమ: మందైతే రోజూ మాత్ర వేసుకోవడమే. థెరపీలో, ఉదాహరణకు మురికి భయమైతే, చెప్పులు ముట్టుకుని, చేతులు కడగకుండా, భయంతోనే కూర్చోవాలి. తేలికైన భయంతో మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎక్కాలి. ఇంట్లోవాళ్లు మాటిమాటికీ "ఏం కాదులే" అంటే సాధన చెడిపోతుంది. ఆ భరోసా కూడా చేతులు కడుక్కోవడం లాంటిదే, భయాన్ని అప్పటికి మాత్రమే తగ్గిస్తుంది. ఎక్కువమంది తప్పేది ఇక్కడే.

సమయం: థెరపీ సాధారణంగా వారానికొకటి చొప్పున 12–20 సెషన్లు. మందు పనితీరు తేలడానికి 8–12 వారాలు.

ఖర్చు: మాత్రలు చవక. ఈ పద్ధతి తెలిసిన థెరపిస్టు దొరకడమే కష్టం.

ముప్పు: మందుకు మొదట్లో వికారం, నిద్రలో తేడా, ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. థెరపీలో నేర్చింది చాలావరకు నిలుస్తుంది.

లక్షణాలు ఓ మోస్తరుగా ఉంటే ముందు థెరపీ. సాధనకు కూర్చోలేనంత ఆందోళన, తోడుగా డిప్రెషన్ ఉంటే మందుతో మొదలుపెట్టి థెరపీ కలపాలి.