తెలుగులో తక్‌పట్టీ కొట్టే ప్రింటర్ ఎస్‌డీకే: చాన్నాళ్లు వాడాక

మార్కెట్లో రైతుకిచ్చే తూకం, లెక్కల చీటీ (తక్‌పట్టీ) కొట్టే 58 మిల్లీమీటర్ల బ్లూటూత్ ప్రింటర్‌తో పాటు కంపెనీ వాళ్లిచ్చే ఆండ్రాయిడ్ ఎస్‌డీకే (యాప్ రాసేవాళ్లు వాడుకునే రెడీమేడ్ కోడ్) ఇది. కనెక్ట్ కావడం, పేపర్ అయిపోతే చెప్పడం అన్నిట్లో ఉండేవే, వదిలేస్తున్నా. ప్రాణం లేచొచ్చింది మాత్రం బొమ్మ ప్రింట్ చేసే ఫంక్షన్‌తోనే. ‘క్వింటాళ్లు’లో క కింద వ వత్తు, ళ కింద ల వత్తు పుస్తకంలో ఉన్నట్టే పడ్డాయి. బాదేపల్లి మార్కెట్లో మక్కలు అమ్మిన రైతు తూకం, తరుగు, హమాలీ తనే చదివి లెక్క చూసుకుంటున్నాడంటే అది చిన్న సంగతి కాదు.

టెక్స్ట్ ఫంక్షన్‌తో ఈ పని కాదు. ఈ రకం ప్రింటర్లలో చాలావాటికి తెలుగు ఫాంటే ఉండదు, ప్రశ్నార్థకాలో చైనా అక్షరాలో వస్తాయి. చీటీ మొత్తాన్ని ఫోన్లోనే 384 చుక్కల వెడల్పు బిట్‌మ్యాప్‌గా, అంటే చుక్కల బొమ్మగా, గీసి పంపాలి. వత్తులు, గుణింతాలు ఆండ్రాయిడే కూర్చుకుంటుంది. మిల్లీమీటరుకు 8 చుక్కలే కాబట్టి అక్షరం సైజు 28 పిక్సెళ్లకు తగ్గితే వత్తు ముద్దవుతుంది. బోల్డ్ పెట్టండి. నలుపు, తెలుపు విడదీసే హద్దు (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) 128 దగ్గరుంటే సన్నగీతలు తెగుతాయి, 170 దాకా పెంచితే నిలుస్తాయి.

ఆ ఫంక్షనే మార్కెట్ రద్దీలో మొండికేసింది. ఒక్క వరుసకు 48 బైట్లు, అంటే పది సెంటీమీటర్ల చీటీకి దాదాపు 38 కేబీ. ఎస్‌డీకే అదంతా ఒక్కసారే తోసేస్తుంది. ప్రింటర్‌లోని బఫర్ (వచ్చిన డేటా కాసేపు ఆగే చోటు) నిండితే కొన్ని బైట్లు పోతాయి. ఇన్ని వరుసలు వస్తాయని ముందే చెప్పి ఉంటాం కదా, ప్రింటర్ వాటికోసం కాచుకుని కూర్చుంటుంది. తర్వాతి రైతు చీటీ మొదలును పాత బొమ్మలో భాగంగా మింగేసి, మిగతాది పిచ్చి అక్షరాలుగా కక్కుతుంది. రీసెట్ కమాండ్ పంపినా అదీ బొమ్మలోకే పోతుంది, ఆఫ్ చేసి ఆన్ చేయాల్సిందే. బొమ్మను 64 వరుసల ముక్కలుగా కోసి, ముక్కకూ ముక్కకూ నడుమ 120 మిల్లీసెకన్లు ఆగితే ఈ గోల తగ్గింది. సాయంత్రానికి బ్యాటరీ దిగి ప్రింటర్ నెమ్మదిస్తుంది, అప్పుడు 200 పెట్టాలి.

అసలు దెబ్బ ప్లే స్టోర్ రూపంలో వచ్చింది. ఆండ్రాయిడ్ 15ను టార్గెట్ చేసే యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలకు (ఫోన్ మెమరీని పంచుకునే ముక్కలకు) సరిపడాలన్న గూగుల్ నిబంధన 2025 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ ఎస్‌డీకేలో బొమ్మను బైట్లుగా మార్చే .ఎస్ఓ ఫైలు (ముందే కంపైల్ చేసిన కోడ్) పాత 4 కేబీ పేజీల కొలతకు, అంటే 4 కేబీ అలైన్‌మెంట్‌తో, కట్టింది. సోర్స్ మన చేతిలో లేదు, కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ ఫైలు చేసేది ఎనిమిది చుక్కల్ని ఒక బైట్‌గా సర్దడమే, పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఆ ముక్క కోట్లిన్ భాషలో రాసుకుని, బొమ్మ ప్రింట్ చేయమనే 1డి 76 30 00 కమాండ్‌ను బ్లూటూత్ సాకెట్ మీద నేరుగా పంపుతున్నాం. ఎస్‌డీకే ఇప్పుడు మా యాప్‌లో లేదు.

ప్లే స్టోర్ అక్కర్లేదు, నాలుగు మార్కెట్ ఫోన్లలో ఏపీకే చేత్తో ఎక్కించుకుంటాం అనేవాళ్లకు, ఆ ఫోన్లు 4 కేబీ పేజీలవే అయితే, ఈ ఎస్‌డీకే ఇంకా పనికొస్తుంది. స్టోర్లో పెట్టేవాళ్లు మాత్రం ప్రింటర్లు కొనకముందే .ఎస్ఓ ఫైలు అలైన్‌మెంట్ చూడండి. objdump -p తో చూస్తే లోడ్ (LOAD) వరుసల్లో 2**14, అంటే 16 కేబీ, ఉండాలి. 2**12, అంటే 4 కేబీ, కనిపిస్తే, కమాండ్ల పుస్తకం ఇస్తారా అని అడిగాకే డబ్బులు కట్టండి.