బెయిలవుట్: అమెరికా దారి, ఐస్‌లాండ్ దారి

2008 ఆర్థిక సంక్షోభంలో కూలిపోతున్న బ్యాంకులను ప్రజాధనంతో ఆదుకోవడానికి (దీన్నే బెయిలవుట్ అంటారు) ఆ అక్టోబరులో అమెరికా 70,000 కోట్ల డాలర్ల సహాయ నిధికి చట్టం చేసింది. బ్యాంకులు నిలబడ్డాయి, తీసుకున్న సొమ్మును చాలావరకు తిరిగి కట్టాయి కూడా. అది ఒప్పుకోవలసిందే. కానీ ప్రజాధనంతో బతికి బట్టకట్టిన బీమా సంస్థ ఏఐజీ 2009 మార్చిలో సుమారు 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు పంచింది, అదీ నష్టాలు తెచ్చిన విభాగం వారికే! వాల్ స్ట్రీట్ పెద్ద బ్యాంకుల అధిపతుల్లో ఒక్కరూ జైలుకు వెళ్లలేదు.

ఐస్‌లాండ్‌లో 2008 అక్టోబరులోనే మూడు పెద్ద బ్యాంకులూ కూలాయి. వాటి అప్పులన్నీ మోసే శక్తి ఆ చిన్న దేశానికి లేదు. దేశంలోని డిపాజిట్లను కాపాడింది, విదేశీ రుణదాతలను నష్టపోనిచ్చింది. సామాన్యులు అక్కడా నలిగిపోయారు. అయినా నాకు ఈ దారే న్యాయంగా కనిపిస్తుంది. ఎందుకంటే, ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను నియమించి ఏళ్ల తరబడి విచారణ జరిపారు. కూలిన ఆ మూడింటిలో ఒకటైన కౌప్‌థింగ్ బ్యాంకు మాజీ సీఈఓ సహా పలువురికి జైలు శిక్షలు పడ్డాయి.